హాలోజన్ డూమ్‌లో ఎల్‌ఈడీ వేస్తే చలానా ఏ సెక్షన్‌లో పడుతుంది? అసలు వెలుగు పెరగాలంటే దారేంటి?

రాజాం_రోడ్డు:

విజయనగరం నుంచి గరివిడి, చీపురుపల్లి మీదుగా రాజాం దాకా రాత్రిపూట తిరిగే చిన్న కారు. 2014 మోడల్, మామూలు రిఫ్లెక్టర్ డూమ్ (హెడ్‌లైటు గూడు), హెచ్‌4 బల్బు 60/55 వాట్లు (బ్రైట్ 60, డిమ్ 55). డిమ్‌లో రోడ్డు సరిగ్గా ఆనట్లేదు. బ్రైట్ వేస్తే ఎదుటివాళ్లు తిడుతున్నారు. షాపులో రెండు దారులు చూపిస్తున్నారు: ఒకటి 100/90 హాలోజన్, రెండోది ఎల్‌ఈడీ కిట్. రెండూ "ఏం పర్లేదండీ, అందరూ వేస్తున్నారు" అనే మాటతోనే అమ్ముతున్నారు.

తెలిసినవాళ్లు చెప్పండి. పోలీసులో బ్రేక్ ఇన్‌స్పెక్టరో ఆపితే ఏ సెక్షన్ రాస్తారు, ఎంత పడుతుంది? వెలుగు తగ్గడానికి బల్బు కాకుండా వేరే కారణాలుంటే వాటిని ఎలా పట్టుకోవాలి? ఎదురు లైటు కళ్లలో కొట్టినప్పుడు బండి ఎలా నడపాలో కూడా ఎవరైనా సరిగ్గా చెబితే బాగుంటుంది. డ్రైవింగ్ స్కూళ్లలో ఈ ముక్క నేర్పరు.

చలానా_మాస్టారు:

చట్టం ముక్క నేను చెబుతాను. బల్బు సంగతి కరెంటు పని తెలిసినవాళ్లు చూసుకుంటారు.

"ఎల్‌ఈడీ నిషేధం" అని ఒక్క వాక్యంలో ఎక్కడా ఉండదు. అందుకే షాపువాడు ధైర్యంగా "లీగలే సార్" అంటాడు. కంపెనీ నుంచే ఎల్‌ఈడీతో వచ్చిన బండిని ఎవరూ ఏమీ అనరు. హాలోజన్ కోసం చేసిన డూమ్‌లో ఎల్‌ఈడీ దూర్చినప్పుడే చిక్కు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వ నిబంధన ప్రకారం ముందు లైటు వెలుగు ఎప్పుడూ కిందికి వంగి ఉండాలి. లైటుకి 8 మీటర్ల ముందు, కుడివైపు అర మీటరు అవతల, నేలకి 1.5 మీటర్ల ఎత్తున కన్ను ఉన్న మనిషికి కళ్లు చెదరకూడదు. అంటే నిబంధన చూసేది బల్బు రకాన్ని కాదు, ఎదుటివాడి కంటిని. హాలోజనైనా సరే, డూమ్ ఆకాశంలోకి చూస్తుంటే అదీ ఉల్లంఘనే.

ఇక జరిమానా. మోటారు వాహనాల చట్టంలో, వేరే శిక్ష చెప్పని ఉల్లంఘనలన్నిటికీ వర్తించే 177వ సెక్షన్ ఉంది: మొదటిసారి 500, తర్వాత 1,500 వరకూ. లైట్ల కేసుకి బాగా అతికేది ఇదే. దీనిమీద 190(2) ఉంది, రోడ్డు భద్రత ప్రమాణాలు దాటిన బండి నడిపితే 10,000 వరకూ జరిమానా, మూడు నెలల వరకూ జైలు, పైగా మూడు నెలలు లైసెన్సు పోయే వీలు. మూడోది 182ఏ(4). యజమాని బండిని రూల్సుకి విరుద్ధంగా మార్చితే ఒక్కో మార్పుకి 5,000 లేదా ఆరు నెలల వరకూ జైలు. ఉత్త బల్బు మార్చినందుకు ఇది పెడితే వాదించుకునే వీలుందని నా ఉద్దేశం, ఎందుకంటే ఆర్‌సీలో ఉన్న వివరమేదీ మారదు. డూమ్ కోసి ప్రొజెక్టర్ పెట్టినవాడికి, రూఫ్ మీద లైట్ బార్ బిగించినవాడికి అంత సులువు కాదు. స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు రిజిస్టరింగ్ అధికారి అనుమతి లేకుండా ముందు పెట్టకూడదని 111వ నిబంధన విడిగా చెబుతోంది. అక్కడికక్కడ కట్టించుకునే మొత్తాన్ని 200వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి, చలానా మీద సెక్షన్ చదివి ఆ జాబితాతో పోల్చుకోండి. సెక్షన్ రాయని చలానా ఇస్తే రాయమని అడగొచ్చు, అందులో తప్పేమీ లేదు.

చాలామంది పట్టించుకోనిది వెనక వైపు. ఎర్ర టెయిల్ లైటు 155 మీటర్ల నుంచి కనపడాలి, నంబరు ప్లేటు మీద తెల్ల వెలుగు పడి 15 మీటర్ల నుంచి చదవగలగాలి. ప్లేటు దగ్గరుండే బుల్లి బల్బు పోయి ఏడాదైనా చాలామందికి తెలియదు. టెయిల్ లైటుకి నల్ల ఫిల్ము అంటించినవాళ్లు ఈ రూలుని చేతులారా తప్పుతున్నట్టే. వెనక ఎరుపు తప్ప వేరే రంగు వెలగకూడదు. రివర్స్ లైటు, ప్లేటు లైటు, పసుపు ఇండికేటర్లకి మినహాయింపు. ముందువైపు ఎరుపు కనపడకూడదు. బుగ్గ కారు మోజుతో ఎరుపు, నీలం మెరుపు పట్టీలు గ్రిల్లులో పెట్టుకునేవాళ్లకి చిన్న కబురు: మంత్రుల కార్ల మీదే ఎర్ర బుగ్గ 2017 మే 1 నుంచి పోయింది.

లైట్లు వేయాల్సింది సూర్యాస్తమయమైన అరగంట నుంచి సూర్యోదయానికి అరగంట ముందు వరకూ, ఇంకా వెలుతురు చాలని ఏ వేళైనా. వానలో మధ్యాహ్నం రెండింటికైనా సరే. బైకులకి ఈ బాధ లేదు, 2017 ఏప్రిల్ నుంచి తయారైనవాటికి ఇంజను స్టార్టయితే లైటు వెలుగుతుంది. దాన్ని ఆపడానికి స్విచ్ పెట్టించుకోవడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

చివరగా ఒకటి. వాట్సాప్‌లో "మీ బండి మీద చలానా ఉంది" అని ఏపీకే ఫైలు వస్తే ముట్టుకోకండి. చలానా చూసుకోవాలంటే ప్రభుత్వ వెబ్‌సైటు మీరే తెరిచి బండి నంబరు కొట్టండి.

గజపతినగరం_ఆటోఎలక్ట్రిక్:

మాస్టారు చెప్పింది సరే. ఇప్పుడు డూమ్ లోపలికి వెళ్దాం.

హెచ్‌4 బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. డిమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు దొప్ప ఉంటుంది, గాజులోంచి చూస్తే కనపడుతుంది. ఆ దొప్ప వల్ల డిమ్ వెలుగు రిఫ్లెక్టర్ పై సగం మీదే పడి, అక్కడ తిరిగి కిందికి, రోడ్డు మీదకి వస్తుంది. రిఫ్లెక్టర్ కింది సగం మీద పడితే వెలుగు పైకి లేస్తుంది, అదే ఎదుటివాడి కళ్లలో కొట్టేది. ఎల్‌ఈడీ కిట్లో పలక మీద చిప్పులు రెండు పక్కలా అతికించి ఉంటాయి. పలక మందం వల్ల వెలుగు పుట్టే చోటు ఫిలమెంటు ఉండాల్సిన చోటు కంటే ఒకట్రెండు మిల్లీమీటర్లు జరుగుతుంది. రిఫ్లెక్టర్‌కి ఆ మిల్లీమీటరే ముఖ్యం. బండికి ముందు పది మీటర్లలో తెల్లగా పరుచుకుంటుంది, నడిపేవాడికి "అబ్బ, ఏం వెలుగు" అనిపిస్తుంది. కానీ దగ్గర రోడ్డు అంత తెల్లగా ఉంటే కన్ను ఆ వెలుగుకి అలవాటు పడి దూరంలో ఉన్న చీకటి ఇంకా నల్లగా కనపడుతుంది. పైగా తడి రోడ్డు మీద ఆ నీలపు తెలుపు అద్దంలా అటు జారిపోతుంది, మన వైపు తిరిగి రాదు. అక్టోబరు, నవంబరు వానల్లో తెల్ల లైట్లవాళ్లు "రోడ్డే కనపడట్లేదు" అనేది అందుకే.

100/90 వద్దే వద్దు. 55 వాట్ల బల్బు ఒక్కోటి నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. 90, 100 వాట్లదైతే ఏడు, ఏడున్నర. పాత హోల్డర్ ప్లాస్టిక్ ముందు పసుపు రంగులోకి తిరిగి, తర్వాత మెత్తబడి, పిన్ను వదులై, అక్కడే నిప్పు రవ్వలు మొదలవుతాయి. ఫ్యూజు ఊడుతోందని పెద్ద ఫ్యూజు వేయించారంటే ఇక కాలేది వైరే. రిఫ్లెక్టర్ లోపలి మెరుపు పూత కూడా ఆ వేడికి మసకబారుతుంది, ఆ పైన ఏ బల్బు పెట్టినా దండగ.

2014 బండికి వెలుగు తగ్గిందంటే నేను చూసే వరస ఇది.

మొదట డూమ్ ముందున్న గాజు. అది గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. పైన ఎండని ఆపే పూత పోయాక పసుపు పట్టి మసకబారుతుంది. వేలితో రుద్ది చూడండి, గరుకుగా ఉంటే పూత పోయినట్టే. టూత్‌పేస్టు రుద్దితే రెండు వారాలు మెరుస్తుంది, అంతే. సరైన పద్ధతి నీళ్లు పోస్తూ 800 నంబరు ఎమరీ కాగితంతో మొదలెట్టి 1500, 2000, 3000 దాకా వెళ్లడం. ప్రతి నంబరుకీ రుద్దే దిక్కు మార్చాలి, అప్పుడు ముందు కాగితం గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. చుట్టూ పెయింటుకి మాస్కింగ్ టేపు రెండు పొరలు వేయండి. తర్వాత పాలిషింగ్ కాంపౌండ్, ఆ పైన స్పిరిట్‌తో తుడిచి యూవీ క్లియర్ కోటు. ఈ ఆఖరిది మానేసి డబ్బులు మిగిల్చుకుంటే కొన్ని నెలల్లో మళ్లీ పసుపే, ఈసారి ముందుకంటే వేగంగా.

రెండోది వోల్టేజి. ఇది ఎవరూ కొలవరు, అసలు దొంగ మాత్రం ఎక్కువగా ఇక్కడే దొరుకుతాడు. ఇంజను నడుస్తూ, డిమ్ వెలుగుతూ ఉండగా బ్యాటరీ పిన్నుల దగ్గర మల్టీమీటరు పెట్టండి. 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. తర్వాత బల్బు వెనక హోల్డర్‌లో డిమ్ పిన్ను, ఎర్త్ పిన్ను మధ్య కొలవండి. కప్లర్ (బల్బుకి తగిలించే ప్లగ్గు) పెట్టే ఉంచి వెనకనుంచి సూది గుచ్చి చూడాలి, ఊడదీసి కొలిస్తే లోడు ఉండదు కాబట్టి అంతా బాగున్నట్టే చూపిస్తుంది. రెండింటికీ అర వోల్టు దాటి తేడా ఉంటే వైరింగులో పోతున్నట్టు. హాలోజన్‌కి వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. 13.2 రావలసిన చోట 11.9 వస్తే మూడో వంతు వెలుగు వైర్లలోనే పోయినట్టు, దానికి కొత్త బల్బు కొని ఏం లాభం?

తేడా ఉందంటే ముందు ఎర్త్ చూడండి. మీటరు నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర తీగ హోల్డర్ ఎర్త్ పిన్ను మీద. 0.2 వోల్టు దాటితే ఎర్త్ చెడింది. బాడీకి బిగించిన బోల్టు విప్పి, ఎమరీతో రేకు మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాయాలి. కళింగపట్నం, బారువ పక్క తీరం ఊళ్ల బండ్లకి ఉప్పు గాలితో ఈ బోల్టు దగ్గరా, కప్లర్ పిన్నుల మీదా ఆకుపచ్చ చిలుము తప్పకుండా ఉంటుంది.

ఎర్త్ బాగుండి కూడా తగ్గుతుంటే, పాత బండ్లలో హెడ్‌లైటు కరెంటంతా స్టీరింగు పక్క స్విచ్‌లోంచి నడుస్తోందేమో చూడండి. అప్పుడు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) కిట్ వేయాలి. 12 వోల్టుల 30 ఆంపియర్ రిలేలు రెండు, డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, బ్యాటరీకి జానెడు దూరంలోపే 15 లేదా 20 ఆంపియర్ ఫ్యూజు. రిలేలో 30 బ్యాటరీకి, 87 బల్బుకి, 85 ఎర్త్‌కి, 86 పాత హెడ్‌లైటు తీగకి. లైట్లని కంప్యూటర్ బాక్సు నడిపే కొత్త బండ్లలో మాత్రం ఈ పని చేయకండి, తీగ కోస్తే వారంటీ పోతుంది, డ్యాష్‌బోర్డులో తప్పుడు హెచ్చరికలు వస్తాయి.

ఇవన్నీ అయ్యాకే బల్బు. పేరున్న కంపెనీ 60/55 వాట్లదే, రెండు పక్కలా ఒకేసారి మార్చండి. పాత దాని గాజు లోపల బూడిద రంగు పట్టి ఉంటే అది ముసలిదైనట్టు. గాజుని వేళ్లతో ముట్టకండి, నూనె అంటిన చోట వేడెక్కి పగులుతుంది. అదే వాట్లలో "ప్లస్" రకాలు కాస్త మెరుగ్గా వెలుగుతాయి గానీ ఆయుష్షు తక్కువ.

ఎన్‌హెచ్16_లారీ:

ఇదంతా బాగుంది గురూ. మరి ఎదురొచ్చేవాడు డిమ్ కొట్టడు కదా? నరసన్నపేట నుంచి పలాస దాకా రాత్రి రాంగ్ రూట్లో ట్రాక్టర్లు, డివైడర్ కట్ల దగ్గర లైటు లేకుండా నిలబెట్టిన లారీలు. వాళ్లని వదిలేసి హాలోజన్‌కి ఎర్త్ రుద్దుకుంటూ కూర్చోవాలా? కంటికి కన్ను, లైటుకి లైటు. అప్పుడే డిప్పర్ కొడతారు.

డ్రైవింగ్_పాఠం:

లారీ అన్నా, నీ కోపం న్యాయమే కానీ లెక్క తప్పింది. ఎదుటివాడికి కళ్లు కనపడకపోతే అతను వచ్చేది మన మీదకే.

ఎదురు లైటు విషయం విడిగా చెబుతా, ముందు ఈ దూరాలు గుర్తుపెట్టుకోండి. బండి ఆగడానికి పట్టే దూరంలో, కన్ను చూసి కాలు బ్రేకు మీదకి వెళ్లే ఒకటిన్నర సెకను కూడా ఉంటుంది. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో గంటకి 60లో వెళ్తుంటే ఆ ఒకటిన్నర సెకనులోనే 25 మీటర్లు పోతాయి, బ్రేకు మీద ఇంకో 20, మొత్తం 45. అదే 80లో 33, 35 కలిపి 68 మీటర్లు. తడి రోడ్డైతే 60కి 53, 80కి 82 దాకా. డిమ్‌లో ముదురు రంగు బట్టలేసుకున్న మనిషి, నల్ల గేదె, దుమ్ము పట్టిన ట్రాలీ వెనక భాగం చాలాసార్లు 40, 50 మీటర్ల లోపల గానీ కనపడవు. అంటే డిమ్ మీద 60 దాటితే మనం చూసింది మనం ఆగలేని చోట ఉంటుంది. కారుకి డివైడర్ లేని రోడ్డు మీద గరిష్ఠ వేగం 70, బైకుకి 60, నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకి 100, బైకుకి 80. 2018లో కేంద్రం ఇచ్చిన పరిమితులివి, రాష్ట్రం ఇంకా తగ్గించొచ్చు. అవి గరిష్ఠాలు మాత్రమే. చీపురుపల్లి–రాజాం రోడ్డు మీద రాత్రి పరిమితి బోర్డు పెట్టదు, మన లైటు పెడుతుంది.

ఎదురు లైటు వస్తుంటే అతని వెలుగు కంట్లో సూటిగా పడకముందే, వంపు అవతల చెట్ల మీద వెలుగు మెరవగానే డిమ్ చెయ్యండి. ముందు మనం చేస్తే ఎక్కువమంది వాళ్లూ చేస్తారు. చెయ్యకపోతే ఒక్కసారి పాస్‌లైట్ కొట్టండి. రెండోసారి కూడా వినకపోతే వదిలేసి కాలు తీసి వేగం తగ్గించండి. చూపు అతని లైటు మీద కాకుండా రోడ్డు ఎడమ అంచు తెల్ల గీత మీద, గీత లేకపోతే తారు, మట్టి కలిసే అంచు మీద పెట్టాలి. కన్ను ఎటు చూస్తే చెయ్యి అటే తిప్పుతుంది కాబట్టి లైటు వైపు చూసినవాడు దాని వైపే జరుగుతాడు. అసలు ప్రమాదం దాటేటప్పుడు కాదు, దాటిన వెంటనే. కన్ను మళ్లీ చీకటికి అలవాటు పడడానికి కొన్ని సెకన్లు పడుతుంది, వయసు మీద పడేకొద్దీ ఇంకా ఎక్కువ. ఆ సెకన్లలోనే అతని వెనక నడుస్తున్న సైకిలు ఉంటుంది. అందుకే లైటు దాటగానే వేగం పెంచకండి, ముందు బ్రైట్ వేసి రోడ్డు ఖాళీ అని చూసి తర్వాత.

వెనకాల వచ్చే బండి లైటు అద్దంలో కొడుతుంటే మధ్య అద్దం కింద చిన్న మీట ఉంటుంది, దాన్ని లాగితే మసకవుతుంది. చాలామంది అది ఉందని కూడా చూడరు. మనం ఇంకొకరి వెనక వెళ్తున్నప్పుడూ డిమ్ వేయాలి, దీన్ని ఎదురుబండికే అనుకుంటారు. ముందు అద్దం లోపలివైపు డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ ఆవిరితో సన్నటి జిడ్డు పొర పడుతుంది, పగలు కనపడదు, రాత్రి ఎదురు లైటుకి తారాజువ్వలా చెదురుతుంది. కొంచెం స్పిరిట్ కలిపిన నీళ్లతో నెలకోసారి తుడిస్తే చాలు. రాత్రి డ్రైవింగుకని అమ్మే పసుపు కళ్లద్దాలు కంటికి చేరే వెలుగు తగ్గిస్తాయి, కొనకండి.

వానలోనో, సాలూరు ఘాట్‌లో చలికాలం మంచులోనో నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపడం మనవాళ్లకి ఫ్యాషనైంది. వేస్తే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. వెనక ఎడమ ఇండికేటరు బల్బు పోయి ఉంటే, ఒంటి ఇండికేటరే కనపడి కుడికి తిరుగుతున్నాడనుకుంటారు. అవి ఆగిన బండికి, చెడిన బండికి. మంచులో బ్రైట్ వేస్తే తెల్ల గోడ తప్ప ఏమీ కనపడదు, డిమ్, ఉంటే ఫాగ్ లైటు. మంచు తీరగానే ఫాగ్ లైటు ఆపేయాలి.

నవంబరు, డిసెంబరులో ఇంకోటి. ఊరి దగ్గర సగం రోడ్డు మీద వడ్లో, చోళ్లో ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, చీకటి పడ్డాక ఎత్తకుండా వదిలేస్తారు. బైకు ముందు చక్రం గింజల మీద పడిందంటే బ్రేకు కొట్టొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, యాక్సిలరేటర్ వదిలి తిన్నగా పోనివ్వాలి. ఊరి పేరు బోర్డు కనపడగానే వేగం 40కి దించితే ఆ అవసరమే రాదు.

టెక్కలి_ట్రాలీ:

ట్రాక్టర్ల మాట వచ్చింది కాబట్టి. ట్రాలీకి లైటు వైరు తెగిందని వదిలేస్తారు, సరే, రిఫ్లెక్టర్ టేపు అంటించడానికి వైరు అక్కర్లేదు కదండీ. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. 50 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ, వెనక అడ్డంగా మొత్తం వెడల్పు తెలిసేలా రెండు చివరలా కచ్చితంగా ఉండాలి. మధ్యలో ముక్క అంటిస్తే దూరం నుంచి బైకనుకుని పక్కనుంచి దూరతారు. అంటించే ముందు తుప్పు గోకి, థిన్నర్‌తో తుడిచి, ఎండలో వేడెక్కిన రేకు మీద అంటిస్తే పట్టు నిలుస్తుంది. గడ్డి, చెరుకు ఎత్తుగా వేస్తే టేపు మూసుకుపోతుంది, అందుకని డాలా కింద చాసిస్ మీద కూడా ఒక పట్టీ. ఉత్త ఎర్ర రంగు రేడియం స్టిక్కరు వేరు, ఇది వేరు. టార్చి వేసి పది అడుగులు వెనక్కి వెళ్లి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఆటోవాళ్లు ఇండికేటరు టకటకా కొట్టుకుంటోందని ఫ్లాషర్ (ఇండికేటరుని వెలిగించి ఆర్పే డబ్బా) మారుస్తారు. ఒక పక్కే వేగంగా కొట్టుకుంటే ఫ్లాషర్ బాగుంది, ఆ పక్క బల్బు పోయింది. నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలగాలి.

రాజాం_రోడ్డు:

అందరికీ ధన్యవాదాలు. గాజు గరుకుగానే ఉంది. హోల్డర్ దగ్గర 12.3 వచ్చింది, బ్యాటరీ దగ్గర 14.1. ఎర్త్ చూడాలి. డూమ్ ఎత్తు ఎలా సరిచూసుకోవాలో కూడా చెప్పండి. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉంది, దానివల్ల తేడా వస్తుందా?

గజపతినగరం_ఆటోఎలక్ట్రిక్:

1.8 వోల్టు పోతోంది. ఇక బల్బు షాపుకి వెళ్లక్కర్లేదు, ముందు ఎర్త్, తర్వాత రిలే.

సిలిండరు మాట ముందే చెప్పాల్సింది, తిట్లకి కారణం అదే అయ్యుండొచ్చు. చూడండి, చిన్న కారు డూమ్ మధ్య భాగం నేలకి దాదాపు 68 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. డిమ్ వెలుగు ప్రతి వంద సెంటీమీటర్లకి ఒకటి చొప్పున దిగుతుంటే 68 మీటర్ల దగ్గర రోడ్డుని తాకుతుంది. వెనక బరువుతో బండి ఒక్క డిగ్రీ వెనక్కి కుంగిందనుకోండి, దిగాల్సిన వెలుగు పైకి ఎక్కడం మొదలెడుతుంది. 60 మీటర్ల దగ్గరకి నేలకి 113 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, సరిగ్గా ఎదురు కారువాడి కన్ను. మీరు డిమ్‌లోనే ఉన్నారు, అతనికి మాత్రం బ్రైట్.

సరిచూసే పద్ధతి. టైర్లలో గాలి సరిచేసి, సిలిండరు నింపి, డ్రైవరు సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టండి. డ్యాష్‌బోర్డులో 0 నుంచి 3 అంకెలున్న చక్రం ఉంటే 0లో పెట్టండి. పెట్రోలు బంకు ఆవరణలాంటి చదునైన చోట గోడకి ముక్కు ఆనించి, డూమ్ మధ్య చుక్కల ఎత్తులో గోడ మీద టేపు అంటించి, బండిని తిన్నగా 5 మీటర్లు వెనక్కి తీయండి. డూమ్ మీద 1.0 శాతం అనో, 1.2 అనో, 1.3 అనో అచ్చుపోసి ఉంటుంది. 1.0 అయితే వెలుగు పై అంచు టేపుకి 5 సెంటీమీటర్ల కింద, 1.3 అయితే ఆరున్నర కింద పడాలి. ఒక డూమ్ మీద అట్ట అడ్డం పెట్టి రెండోది చూడండి. అంచు కుడివైపు తిన్నగా ఉండి ఎడమవైపు కాస్త పైకి లేవాలి. మనం ఎడమన నడుస్తాం కాబట్టి రోడ్డు పక్క మనుషుల కోసం అది. కుడి పక్క లేస్తుంటే బల్బు వంకరగా కూర్చుంది, హెచ్‌4కి ఉన్న మూడు చెవుల్లో వెడల్పుది పైన ఉండాలి. డూమ్ వెనక రెండు మరలుంటాయి, ఒకటి ఎత్తుకి, ఒకటి పక్కలకి. ఎత్తుది పావు చుట్టు చొప్పున తిప్పుతూ చూడండి, పక్కలది ముట్టకండి.

చక్రం ఉన్న బండైతే వెనక సీటు కూడా నిండినప్పుడు 1, సామాను కూడా ఉంటే 2, డ్రైవరు ఒక్కడే ఉండి డిక్కీ నిండుగా ఉంటే 3. బైకుకైతే సెంటర్ స్టాండ్ మీద చూడకూడదు, మనిషి ఎక్కి రెండు చక్రాలూ నేల మీద ఉండాలి. వెనక కూర్చునే మనిషి రోజూ ఉంటే ఆ మనిషితోనే సరిచేయండి.

సిలిండరు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి వెనక స్ప్రింగులు కుంగాయేమో కూడా చూపించండి. చదునైన చోట ముందు చక్రానికీ, వెనక చక్రానికీ విడివిడిగా, చక్రం నడిమి చుక్క నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి, అదే మోడల్ ఖాళీ బండితో పోల్చండి.